మొదటి ఊట మనది కాదు

మా ఊరు ఏటి ఒడ్డున ఉంటుందని చెబితే, "అయితే మీకు నీళ్లకేం కొదవ!" అంటారు వినేవాళ్లు. డిగ్రీలో చేరిన కొత్తలో కోస్తా నుంచి వచ్చిన స్నేహితురాలు కూడా అలాగే అంది. ఆ అమ్మాయికి ఏరంటే కృష్ణ. నాకు ఏరంటే ఇసుక.

మాది చిత్రావతి. కర్ణాటకలో చిక్కబళ్లాపురం వైపు పుట్టి, బాగేపల్లి మీదుగా ఉమ్మడి అనంతపురం జిల్లాలోకి వచ్చి, పుట్టపర్తి దాటి, బుక్కపట్నం చెరువు నింపి, ధర్మవరం మీదుగా చివరికి పెన్నలో కలుస్తుంది. పటంలో చూస్తే పొడుగాటి నీలం గీత. నా చిన్నప్పుడు ఆ ఏట్లో నీళ్లు పారగా చూసిన రోజులు ఏడాదికి పదో పదిహేనో. అదీ వానలు బాగా పడిన ఏడు. మా జిల్లాలో ఏడాదంతా కలిపి కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూనే. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్య మేఘాలు తీరం దాటి మా దాకా వచ్చేసరికి తేలిపోతాయి. ఆ రెండింటికీ మేం దూరపు చుట్టాలం.

అయినా మేం బతికింది ఆ ఏటి నీళ్ల మీదే. పైకి కనబడని నీళ్లు, ఇసుక కింద దాక్కున్న నీళ్లు. వాటికోసం తవ్వే గుంటనే చెలమ అంటాం.

చెలమ తవ్వడం మా అవ్వ దగ్గర నేర్చుకున్నాను. నిట్టనిలువునా తవ్వితే ఇసుక కూలిపోతుంది. అంచులు వాలుగా, వెడల్పుగా తీసుకుంటూ పోవాలి. వానాకాలం అయిన కొత్తల్లో మోచేతి లోతుకే తడి తగులుతుంది. సంక్రాంతికి నడుము లోతు. ఎండాకాలం వచ్చేసరికి మనిషి దిగి తవ్వాలి. పైన ఒకరు నిలబడి, లోపలున్నవాళ్ల మీద అంచు విరిగి పడకుండా కనిపెట్టుకుని ఉండాలి. తడి తగిలాక చేతులు తీసేసి కూర్చోవాలి. ఊట మెల్లగా వస్తుంది. ముందు బురదబురదగా, పాల రంగులో. టెంకాయ చిప్పతో ఆ నీళ్లు తోడి, పక్కన ఇంకో చిన్న గుంట చేసి అందులో పోసేది అవ్వ.

"మొదటి ఊట మనది గాదు పాపా. కాకులుండాయి, కుక్కలుండాయి, వాటికి పొయ్యి."

రెండోసారి, మూడోసారి ఊరిన నీళ్లు అద్దంలా ఉండేవి. కొంగు అడ్డం పెట్టి కడవలోకి వంచేవాళ్లం. ఆ నీళ్ల రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. కొద్దిగా తీపి, కొద్దిగా మట్టి వాసన.

ఇంటికొక చెలమ. రాత్రంతా ఊరిన నీళ్లు తెల్లారేలోపు తోడుకోవాలి. ఎండెక్కాక పోతే అడుగున బురదే. అందుకే మా అక్క రాత్రి మూడు గంటలకు లేచేది. గడియారం లేదు, చుక్కల్ని చూసి లేచేది. చెలమ మీద కప్పిన తుమ్మకంప పక్కకు లాగి, చిప్పతో తోడి, కడవ నింపి, తలమీద చుట్టకుదురు పెట్టుకుని, దాని మీద కడవ, చంకన బిందె. ఇంట్లో ఆరుగురం, రెండెద్దులు. అమ్మ కూలికి పోయేలోపు అక్క మూడు తిరుగుళ్లు తిరగాలి. ఎండాకాలం అయితే నాలుగు.

అక్కను బడి మాన్పిద్దామని మా ఇంట్లో ఎవరూ అనలేదు. నేను ఈ మాట గట్టిగా చెప్పగలను. నాయనకు చదువంటే ఎంతో గౌరవం. కానీ బడిగంట కొట్టే వేళకు అక్క ఇంకా ఏట్లోనే ఉండేది. మొదట ఆలస్యం, తర్వాత వారానికి రెండు రోజులు, తర్వాత రిజిస్టరులో పేరు మాత్రం. ఐదో తరగతి దాకా అలా నడిచింది. ఒకసారి అయ్యవారు ఇంటికొచ్చి అడిగితే నాయన తల వంచుకుని నేల చూశాడు. అక్క వాకిట్లో కడవ కడుగుతూ ఉంది. అన్నీ వింటూనే ఉంది.

నేను అక్క కన్నా ఆరేళ్లు చిన్న. నాకూ వంతు వచ్చే వయసు వచ్చింది. రాత్రి అక్కతోబాటు లేవబోతే భుజం మీద చెయ్యేసి మళ్లీ పడుకోబెట్టేది. "నీ వంతు గూడా నేనే తెస్తాలే. పండుకో. పొద్దున బడికి పోవల్ల గదా." ఎన్నేళ్లు అలా మోసిందో నేను లెక్క పెట్టలేదు. అక్క నడినెత్తిన, చుట్టకుదురు కూర్చునే చోట, జుట్టు పలచబడిపోయింది. పెళ్లిచూపుల నాడు అమ్మ ఆ చోటు కనబడకుండా పాపిట మార్చి, పూలు దట్టంగా పెట్టింది.

నేను రెండో తరగతిలో ఉండగా ఊళ్లోకి బోరింగు వచ్చింది. లారీ మీద యంత్రం, ఊరంతా చుట్టూ మూగారు. రాతిని తొలుస్తుంటే తెల్లటి పొడి లేచి అందరి జుట్టూ నెరిసినట్టయింది. మా నేలంతా కింద గ్రానైటు. అలాంటి గట్టి రాతిలో బోర్లు వేయగల యంత్రాలు 1966, 67 కరువు తర్వాత యూనిసెఫ్ సాయంతో మన దేశానికి వచ్చాయని నేను చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాను. దాని మీద బిగించిన చేతిపంపు ఇండియా మార్క్ 2. మొదట్లో దేశంలో పెట్టిన పోత ఇనుము పంపులు నెలలు తిరక్కుండా విరిగిపోతుంటే, షోలాపూర్ పంపును ఆధారం చేసుకుని 1970లలో ఇక్కడే తయారుచేసుకున్న పంపు అది. దాని పిడి మోటుగా ఉండేది, మేం ఇద్దరు పిల్లలం కలిసి వేలాడితేగానీ కిందికి దిగేది కాదు. టెంకాయ కొట్టారు. అక్క ఆ వారం రోజులూ తెల్లారేదాకా నిద్రపోయింది.

అవ్వ మాత్రం ఆ నీళ్లు నోట్లో పోసుకుని కాసేపు ఉంచుకుని, మింగకుండా ఉమ్మేసింది. "ఈ నీళ్లల్లో పప్పు ఉడకదు" అంది. నిజంగానే ఉడికేది కాదు. పొయ్యి మీద ఎంతసేపు పెట్టినా కందిబేడలు గుండ్లు గుండ్లుగానే ఉండేవి. పెద్దావిడ చాదస్తం అనుకున్నారు అందరూ. ఇంటి ముందరికి నీళ్లొచ్చాక ఏటికి ఎవరు పోతారు? చెలమలు పూడిపోయాయి.

ఆ నీళ్లల్లో ఏముందో మా తమ్ముడి పళ్లు చెప్పాయి. వాడు బోరింగు రావడానికి రెండేళ్ల ముందు పుట్టాడు. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చినప్పుడు వాటి మీద సున్నపు మచ్చలు, తర్వాత అడ్డంగా గోధుమరంగు చారలు. బొగ్గుతో తోమినా, ఇటుక పొడితో తోమినా పోలేదు. నావి కొద్దిగా పాచిరంగు. అక్కవి మల్లెమొగ్గలు. ఒకే తల్లి పిల్లలం, ఒకే కంచంలో తిన్నవాళ్లం. పళ్ల పైపొర చిన్నతనంలో, ఎనిమిదేళ్లలోపే తయారవుతుంది. ఆ వయసులో అక్క తాగింది చెలమ నీళ్లు, తమ్ముడు తాగింది బోరు నీళ్లు. ఇంతకన్నా ఏ పరీక్ష కావాలి? సైన్సు టీచరునయ్యాక, ఫ్లోరైడ్ పాఠం వచ్చినప్పుడల్లా నేను ఈ ముగ్గురి పళ్ల కథే చెప్పేదాన్ని.

రాతి పొరల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు ఆ రాతిలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. ఎంత లోతుకు పోతే అంత పాత నీళ్లు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. ఏటి ఇసుకలో ఉండేది మొన్నటి వాన. అందుకే అది తియ్యన. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును మన దేశంలో మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. అంటే మా బోరింగుకు దాదాపు యాభై ఏళ్ల ముందే విషయం తెలుసు. తెలిసిన సంగతి మా ఊరి దాకా నడిచి రావడానికి అన్నేళ్లు పట్టింది. మా పక్కింటి మామ నలభై ఐదేళ్లకే మెడ తిప్పలేకపోయేవాడు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఒళ్లంతా తిరిగేవాడు. అది కీళ్లవాతమని పసరు మందులు తాగాడు, చివరిదాకా బోరింగు నీళ్లతోనే.

హైస్కూల్లో మా సైన్సు అయ్యవారు నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి చేసి చూపించారు. బకెట్ నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి కలిపి తిప్పి, తేరనిచ్చి, పైన తేట నీళ్లు వంచుకోవడం. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన పద్ధతి అది. పనిచేస్తుంది. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదని, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుందని ఆ రోజే తెలిసింది. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ వారం రోజులు చేసింది. నాలుగింటికి లేచి, కూలికి పోయి, చీకటి పడ్డాక వచ్చి పొయ్యి ముట్టించే మనిషి, నీటిని బట్టి పటిక కొలిచి, గంటసేపు తేరనిచ్చి, అడుగున మిగిలిన మడ్డిని దూరంగా పారబోసి... ఎనిమిదో రోజు మానేసింది. నేను ఒక్క మాట కూడా అనలేకపోయాను. నీళ్లు బాగుచేసే పని కూడా చివరికి ఆడవాళ్ల నెత్తినే పడితే అది ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇక్కడ ఇంకో సంగతి రాయకుండా ముందుకు పోలేను. ఏట్లో చెలమలకు కూడా వరసలుండేవి. ఎగువన ఊరివాళ్లవి, దిగువన మాలమాదిగ వాడల వాళ్లవి. చేదబావి దగ్గరైతే మరీ అన్యాయం. ఆ వాడల ఆడవాళ్లు చేంతాడు ముట్టకూడదు. కడవలు పెట్టుకుని దూరంగా కూర్చుని, ఎవరో ఒకరు జాలిపడి తోడిపోసేదాకా ఎదురుచూడాలి. నాతో చదివిన పిల్ల వాళ్లమ్మ పక్కన అలా కూర్చోవడం చూశాను. నేను కళ్లు పక్కకు తిప్పుకున్నాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఆ రోజుల్లో మా వైపు దాతృత్వం అంటే అందరికీ తెలిసిన పేరు ఆర్డీటీ. విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన సంస్థ. వాళ్లు తవ్వించిన బావుల కింద పచ్చబడిన చేలు మా మేనత్త వాళ్ల ఊళ్లో ఉన్నాయి. అయితే బావి ఒక ఊరి దాహం తీరుస్తుంది. రాతి కింద నీళ్లే చెడిపోయిన వందల ఊళ్లకు ఎక్కడినుంచో మంచినీళ్లు మోసుకురావాలి. అంత పని ఎవరు చేస్తారులే అనుకునేవాళ్లం.

1995లో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు వాళ్లు జిల్లాకు నీళ్లిస్తారంట అని మాట పాకింది. మా ఇంట్లో ఎవరూ పుట్టపర్తి భక్తులు కారు. నాయన నమ్మలేదు. "మాట ఇయ్యడం సులువమ్మా" అన్నాడు. కానీ ఆ ఎండాకాలం సెలవులకు నేను ఇంటికొచ్చేసరికి మా ఊరి బాటవెంట పైపులు దించి ఉన్నాయి. దూలాల్లా ఒకదాని పక్కన ఒకటి, కంటికి ఆనినంత దూరం. పని ఎల్ అండ్ టీ కంపెనీ వాళ్లది, ట్రస్టు డబ్బు, ప్రభుత్వ ఇంజనీర్ల సాయం. కాలువ తవ్వే కూలీలకు మస్టరు రాసే మనిషి కావాలని మేస్త్రీ అడిగితే నాయన నన్ను పంపాడు. రెండు నెలలు రాశాను.

ఆ రెండు నెలలే నాకు అసలు చదువు. తెల్లారి ఆరింటికి పేర్లు పిలవాలి. కూలీల్లో సగానికి పైగా ఆడవాళ్లు, అందరూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. తమ ఊరికి నీళ్లు తెచ్చే కాలువ తామే తవ్వుతున్నారు. మెత్త నేలయితే పార, గడ్డపార. బండ తగిలితే పని ఆగిపోయి, తూటాలు పెట్టేవాళ్లు వచ్చేదాకా కూర్చోవడమే. ఒక్కో చోట నాలుగు రోజులు ఆగింది. పైపు కింద ఇసుక పరుపు వేయాలని, లేకపోతే రాయి గుచ్చుకుని పగులుతుందని, ఎత్తు మీద గాలి పోయే వాల్వు, పల్లంలో మడ్డి పోయే వాల్వు పెట్టాలని అక్కడే తెలిసింది. పనిచోట తాగడానికి నీళ్లు మాత్రం ట్రాక్టరులో డ్రమ్ముల్లో రావాలి. మధ్యాహ్నానికి అవి వేడెక్కిపోయేవి. ఒక ముసలామె ప్రతిరోజూ తన వంతు నీళ్లలో సగం తాగి, సగం కాలువలోకి దించిన పైపు మీద చల్లేది. ఎందుకని అడిగితే, "దానికి గూడా దప్పికుంటాదమ్మా, రేపు మనకు పోయల్ల గదా" అంది.

నీళ్లు ఎక్కడినుంచి తెస్తున్నారన్నదే నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి. ఒక్క చోటునుంచి కాదు. కొన్ని ఊళ్లకు రిజర్వాయర్ల నీళ్లు, కొన్నింటికి తుంగభద్ర ఎగువ కాలువ పారినప్పుడు నింపుకుని ఎండాకాలానికి దాచుకునే పెద్ద చెరువులు, కొన్నింటికి పెన్న, చిత్రావతి, హగరి ఏళ్ల ఇసుకలో దింపిన ఊట బావులు. మా వైపు పథకం ఊట బావిదే. అంటే మేం పూడ్చుకున్న చెలమ దగ్గరికే మళ్లీ వచ్చారు.

ఏట్లో చోటు చూడటానికి వచ్చిన ఇంజనీరు సారు ఒకరోజు మా ఇంట్లో మజ్జిగ తాగారు. అవ్వ ఆయన్ను వదల్లేదు. "ఏట్లో నీళ్లు యాడ తియ్యగుంటాయో నేను సూపిస్తా రా నాయనా" అని చేతికర్ర పట్టుకుని బయల్దేరింది. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. పదేళ్లకు పైగా ఎవరూ తవ్వని చోట, తుమ్మచెట్టు నుంచి ఇన్ని అడుగులని లెక్కేసి నిలబడింది. నేను తవ్వాను. ఊట వచ్చింది. మొదటి నీళ్లు పక్కన పోసి, రెండోసారి ఊరినవి చిప్పతో ఆయనకిచ్చింది. ఆయన తాగి, చిప్ప కళ్లకద్దుకుని తిరిగిచ్చారు. బావి అక్కడ దించలేదు. ఇసుక ఇంకా లోతుగా ఉండే చోటు మైలు దిగువన దొరికింది. అవ్వ అందుకు నొచ్చుకోలేదు.

సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి దించుతూ, లోపలి ఇసుక తోడేస్తూ, ఆ బరువుకే బావి కిందికి దిగేలా చేశారు. అడుగున నాలుగు దిక్కులకూ చిల్లుల పైపులు ఇసుకలోకి చొప్పించారు. ఆ చిల్లుల్లోంచి ఇసుక వడగట్టిన నీళ్లు బావిలోకి ఊరతాయి. అక్కడినుంచి మోటార్లు సంపుకు, సంపు నుంచి గుట్ట మీది ట్యాంకుకు, క్లోరిన్ కలిపాక గుట్ట మీదినుంచి పల్లానికి వాటంతట అవే ఊళ్లకు. అవ్వను బండిలో తీసుకెళ్లి చూపించాను. ఒర అంచు పట్టుకుని లోపలికి తొంగిచూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ ఇంజనీరు సారునే అడిగింది.

"మొదటి నీళ్లు ఏం జేస్తారు సారూ?"

ఆయన నవ్వలేదు. "ఇసుక రాకుండా తేటగా అయ్యేదాకా రాత్రింబవళ్లు తోడి బయటికి పోసేస్తాం అవ్వా. ఆ తర్వాతే పైపులో కలుపుతాం" అన్నారు.

"అట్లయితే సరే" అంది అవ్వ. ఆ తోడి పోసిన నీళ్లు ఇసుక మీద చిన్న పాయగా పారితే గొర్రెలమందలు వచ్చి తాగాయని మా గొల్లమామ చెప్పాడు.

1995 నవంబరులో ప్రధాని పి.వి. నరసింహారావు పుట్టపర్తిలో పథకాన్ని ప్రారంభించారు. రేడియోలో విన్నాం. మా ఊరికి నీళ్లొచ్చింది మరుసటి ఎండాకాలంలో. రచ్చబండ దగ్గర ఒకటి, వాడలో ఒకటి సిమెంటు తొట్లు పెట్టారు. ఒక్కోటి 2500 లీటర్లు పడుతుంది, ఒక్కోదానికి నాలుగు కొళాయిలు. వాడలోని తొట్టి దగ్గర నాతో చదివిన పిల్ల వాళ్లమ్మ కొళాయి తిప్పుకుని, కడవ నింపుకుని, ఎవరి ముఖమూ చూడకుండా తలెత్తుకుని ఇంటికి పోయింది. ఆ పథకం గురించి ఎన్నో గొప్ప మాటలు తర్వాత చదివాను. నాకు మాత్రం ఆమె నడకే గుర్తుంది.

చదివిన వాటిలో ఒకటి చెబుతాను. దాదాపు 18 నెలల్లో, 300 కోట్ల రూపాయల ఖర్చుతో, నీటి ఎద్దడి, ఫ్లోరైడ్, ఉప్పునీటి బాధ ఉన్న 731 గ్రామాలకు, కొన్ని పట్టణాలకు నీళ్లిచ్చారని తొమ్మిదో పంచవర్ష ప్రణాళికలో ప్రణాళికా సంఘమే రాసింది. 1999లో తపాలా శాఖ ఈ నీటి పథకం మీద స్టాంపు విడుదల చేసింది. అది రెండు కొన్నాను. ఒకటి నా దగ్గర దాచుకుని, రెండోది అక్కకు రాసిన ఉత్తరం మీద అంటించాను.

అక్క అత్తగారి ఊరికి నీళ్లు మాకన్నా నాలుగు నెలలు ఆలస్యంగా చేరాయి. మధ్యలో ఒకసారి బిడ్డను చంకనేసుకుని పుట్టింటికొచ్చింది. తొట్టి దగ్గరికి తీసుకెళ్లాను. కొళాయి తిప్పింది. నీళ్లు పడ్డాయి. ఆపింది. మళ్లీ తిప్పింది. బిడ్డ చెయ్యి ధార కింద పెట్టింది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఆరోజు రాత్రి ఇద్దరం ఒకే దుప్పట్లో పడుకున్నప్పుడు మెల్లగా అడిగింది: "పాపా, ఐదో తరగతి పుస్తకంలో ఏనుగు పాఠం తర్వాత ఏముండేది? నేను ఆడికే సదివినా."

నాకు గుర్తులేదు. గుర్తులేదని చెప్పాను. అంతకన్నా పెద్ద తప్పు నేను నా జీవితంలో చేయలేదేమో అనిపిస్తుంది. ఏదో ఒక పాఠం చెప్పి ఉండాల్సింది.

నీళ్లు తేవడం ఒక పని, నిలుపుకోవడం ఇంకో పని. రెండేళ్లు తిరక్కుండా తొట్ల కొళాయిలు విరిగాయి. చుట్టూ బురద. కరెంటు పోతే గుట్ట మీది ట్యాంకు నిండదు. చేలల్లో పైపు పగిలితే మరమ్మతు చేసేవాళ్లు వచ్చేదాకా రోజులు. అప్పటికి నేను బడిలో చేరాను. నాలాంటి నలుగురైదుగురం టీచర్లం, ఊళ్లోని డ్వాక్రా ఆడవాళ్లు కొందరం కలిసి ఆదివారాలు తొట్లు కడిగేవాళ్లం. ఇంటికి రూపాయి చొప్పున వేసుకుని విడి కొళాయిలు కొని ఉంచేవాళ్లం. మా సంఘానికి పేరు కూడా పెట్టుకోలేదు. క్లోరోస్కోపు సంపాదించి చివరి కొళాయి దగ్గర పరీక్ష చేసేవాళ్లం. మందు చుక్కలు వేస్తే నీళ్లు లేత పసుపుకు తిరగాలి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా క్లోరిన్ మిగిలి ఉంటేనే ఆ నీళ్లు ఇంటికి చేరేదాకా భద్రం. రంగు రాకపోతే ట్యాంకు చూసుకునే అబ్బాయి దగ్గరికి పరుగు. అతను మంచివాడు, అర్ధరాత్రి తలుపు తట్టినా సైకిలు తీసేవాడు. హెచ్‌టూఎస్ సీసాలో నీళ్లు పోసి బడి కిటికీలో పెడితే, మరుసటి రోజుకు నల్లబడితే అందులో మలిన క్రిములున్నట్టు. పిల్లలు పొద్దున రాగానే ముందు ఆ కిటికీ దగ్గరికే ఉరికేవాళ్లు. నల్లబడిన రోజు వాళ్ల ముఖాలు చూడాలి. ఇంటికెళ్లి అమ్మలతో నీళ్లు కాపించేది వాళ్లే.

ఇంకో దెబ్బ ఏటికే తగిలింది. ఇళ్లు, అపార్ట్‌మెంట్లు లేచేకొద్దీ రాత్రుళ్లు ట్రాక్టర్లు ఏట్లోకి దిగేవి. ఇసుకంటే వాళ్లకు ఇసుకే. మాకు అది నీళ్లకుండ, వడగట్టే బట్ట, మూత, మూడూనూ. రెండు నిలువుల ఇసుక తోడేస్తే ఊట బావి ఏం చేస్తుంది? నీళ్లు, నేల, చెట్లను కాపాడటానికి 2002లో వాల్టా చట్టం వచ్చింది, ఇసుక తవ్వకం మీద కట్టడి కూడా అందులో ఉంది. ఆ కాగితం పట్టుకుని మేం ఎన్ని కార్యాలయాల గడపలు ఎక్కామో! ఒక ఏడాది ఎండాకాలం మోటారు గంట నడిస్తే గాలి వచ్చింది. ఊళ్లోకి ట్యాంకరు వచ్చింది, బిందెల వరస వచ్చింది, జుట్లు పట్టుకోవడాలు వచ్చాయి. ఆ వరసలో పదేళ్ల పిల్లలను చూసి నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. ఆ తర్వాత ఊరి ఆడవాళ్లు ఏటి దారికి అడ్డంగా బండలు దొర్లించి, వంతులేసుకుని రాత్రుళ్లు కాపలా కూర్చున్నారు. కొన్నాళ్లు ఆగింది. పూర్తిగా ఆగిందని చెప్పలేను. కానీ ఆ తర్వాతి మంచి వానలకు ఇసుక కొంత మేట వేసింది, బావిలో మళ్లీ నీళ్లు ఊరాయి.

అవ్వ 2001లో పోయింది. చివరి రోజుల్లో కొళాయి నీళ్లే తాగింది, పప్పు మెత్తగా ఉడుకుతోందని మురిసిపోయింది. తమ్ముడి పళ్ల చారలు అలాగే ఉన్నాయి, అవి పోయేవి కావు. వాడి పిల్లలవి మాత్రం తెల్లటి పళ్లు.

మొన్న ఉగాదికి అక్క వాళ్లింటికి వెళ్లాను. ఇప్పుడు ఇంట్లోకే కొళాయి వచ్చింది, వాకిట్లో గోడ పక్కన. మనవరాలు చదువుకునే గదిలో నాకు మంచం వేసింది. రాత్రి మెలకువ వచ్చి చూస్తే వాకిట్లో లైటు. గడియారంలో మూడు దాటింది. అక్క చిన్నపీట మీద కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది.

"నిద్ర పట్టలేదా అక్కా?"

"ఈ యాళకు మెలకువ వచ్చేస్తాది పాపా. అలవాటు." కొళాయి తిప్పింది. మొదటి చెంబు పట్టి, లేచి వెళ్లి, గోడవార ఉన్న రాతి తొట్టిలో పిట్టల కోసం పోసింది. తిరిగొచ్చి బిందె ధార కింద పెట్టింది. నేను సాయం చేయబోతే భుజం మీద చెయ్యేసింది.

"నేను పట్టుకుంటాలే. పోయి పండుకో."